ఇద్దరికీ ఒకటే తెర

ముందు ఫొటో పెట్టాలి, తరవాత పేరు, తరవాత ఆ మాట. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుని సువార్త మౌసు మీద చెయ్యి వేసింది గానీ, కళ్ళు మాత్రం తెర కింద కుడి మూలకే పోతున్నాయి. అక్కడ, గడియారం పక్కన, గోరంత బొమ్మ ఒకటుంది. తెల్లగా ఉంటే అన్నయ్య లేనట్టు. నల్లబడిందంటే కువైట్‌లో కూర్చుని దానం అన్నయ్య ఈ తెరనే చూస్తున్నట్టు. ఇప్పుడు తెల్లగానే ఉంది. అన్నయ్యకి అక్కడ భోజనాలకి వదిలేది మనకిక్కడ టీల వేళకి. ఇంకా బోలెడు టైముంది. ఈలోగా అమ్మ కార్డు అయిపోవాలి, ప్రింటుకి వెళ్ళిపోవాలి, తెర మీద దాని ఆనవాలు లేకుండా పోవాలి. అమ్మ పోయిందని అన్నయ్యకి తెలీదు. తెలియనివ్వకూడదని పెద్దలందరూ కూర్చుని అనుకున్నారు, బాగానే ఉంది, కానీ ఆ తెలియనివ్వకుండా ఉంచే పని మాత్రం తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చునేదాని నెత్తిన పెట్టారు.

తెలుగు ఫాంట్ల లాకు, సిస్టమ్ వెనక తగిలించే బొటనవేలంత ముక్క, ఈ షాపు మొత్తానికి ఒక్కటే ఉంది, దీనికే ఉంది. అది లేని మిషన్‌లో తెలుగు అక్షరం పడదు. లేకపోతే ఆ మూలనున్న పాత మిషన్ మీద ఎప్పుడో కొట్టేసుకునేది, ఈ దొంగచూపుల బాధ ఉండేది కాదు. పోనీ నెట్ వైరు పీకేద్దామా అనీ అనుకుంది. పీకితే రాజమండ్రి నుంచి రావలసిన ఫ్లెక్సీ బొమ్మలు ఆగిపోతాయి. పైగా మొన్నోసారి లైను పోయి అన్నయ్యకి ఇక్కడి తెర అందకపోతే, అరగంట తిరక్కుండా షాపుకి ఫోన్ చేశాడు. రాజబాబు గారు ఎత్తారు. ఈ ప్రింటింగు షాపు ఆయనదే గానీ, కస్టమరుకి రేపు ఇస్తానని చెప్పడం తప్ప ఆయనకి ఇంకో అబద్ధం చేతకాదు. "అంతా బానే ఉందయ్యా దానం, అందరూ బానే ఉన్నారు" అని అడక్కుండానే నాలుగుసార్లు చెప్పి, ఫోన్ పెట్టేసి తువ్వాలుతో మెడంతా తుడుచుకున్నారు. "ఇంకెప్పుడూ నన్ను ఇరికించకమ్మా, నా వల్ల కాదు" అన్నారు. ఎవరి వల్ల అవుతుందిట మరి. సువార్త వల్ల అవుతుంది. పేరు పెట్టినప్పుడే అనుకుని ఉంటారు, ఈ పిల్ల అన్నీ మంచి కబుర్లే చెబుతుందని.

అసలీ కుర్చీ అన్నయ్యదే. అమలాపురంలో పెళ్ళి శుభలేఖ అంటే దానం చేత కొట్టించాలి అనేవాళ్ళు ఒకప్పుడు. కువైట్ వీసా వచ్చాక, వెళ్ళే ముందు చెల్లెల్ని ఇక్కడ కూర్చోబెట్టి, పక్కన నిలబడి, ఒత్తులెక్కడున్నాయో, సున్నా ఎక్కడుందో వేళ్ళు పట్టుకుని నేర్పాడు. వెళ్ళాక ఓ కంపెనీలో సామాన్ల లెక్కలు చూసే పని దొరికింది. అక్కడ ఎదురుగా కంప్యూటరుంది, నెట్టుంది. ఇక్కడ సిస్టమ్ మొండికేసినప్పుడల్లా చెల్లెలు ఫోన్‌లో ఏడుస్తుంటే వినలేక ఈ ప్రోగ్రాము పెట్టించాడు. ఏ బటన్ నొక్కాలో ఫోన్‌లో ఒక్కొక్కటీ చెప్పి పెట్టించాడు. అప్పుడు అడిగింది, ఇక్కడ నేను పని చేసుకుంటుంటే నువ్వు వేరే తెర మీద నీ పని చేస్తావా అన్నయ్యా, అని. "కాదే పిచ్చిమొహమా, మా ఆఫీసు పెద్ద మిషన్‌లోకి అయితే ఒకేసారి పదిమంది వెళ్ళినా ఎవరి తెర ఆళ్ళదే. నీ దాంట్లో అలా కుదరదు. ఉన్న తెరనే ఇద్దరం పంచుకోవాలి. నీకేది కనపడితే నాకూ అదే కనపడుద్ది, నువ్వు కదిపితే నాకు కదులుద్ది, నేను కదిపితే నీకు" అన్నాడు. అప్పుడు ఎంత సంబరపడింది. కంచం ఒకటే, తినేది ఇద్దరూ, చిన్నప్పుడు అమ్మ కలిపి పెట్టినట్టు. ఇప్పుడు ఆ మాటే గుండెల మీద కూర్చుంది. నీకేది కనపడితే నాకూ అదే.

అమ్మకి ఈ విద్యంతా చెబితే నమ్మలేదు. గన్నవరం అవతల కొబ్బరి పీచు మిల్లులో పనికి సెలవు పెట్టి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, బస్సెక్కి వచ్చింది ఓ శనివారం. రాజబాబు గారు కుర్చీ వేయించారు. కూర్చోదే. రెండు చేతులూ కట్టుకుని నిలబడింది, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు. మూలనున్న బొమ్మ నల్లబడింది, సువార్త మౌసు మీంచి చెయ్యి తీసేసింది, తీసేసినా తెర మీద బాణం కదిలింది. పైకీ కిందకీ, అటూ ఇటూ. ఇదుగోనే అమ్మా, అన్నయ్యే కదుపుతున్నాడు అంది. అమ్మ తెర దగ్గరకంటా వెళ్ళి, ఆ బాణం మీద వేలు పెట్టింది. తెర చిటచిటమంది, చేతి మీద నూగు నిక్కబొడుచుకుంది, అయినా వేలు తీయలేదు. "ఇంత చిక్కిపోయేవేంట్రా అబ్బాయ్" అంది. రాజబాబు గారు నవ్వారు, సువార్త పగలబడి నవ్వింది, అమ్మ కూడా సిగ్గుపడి నవ్వింది గానీ వేలు మాత్రం బాణం ఎటు పోతే అటు తెర మీద తిప్పుతూనే ఉంది. తరవాత నోట్‌ప్యాడ్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో అన్నయ్య అడిగాడు, అమ్మ ఏమంటోందే అని. చిక్కిపోయేవంటోంది అని కింద కొట్టింది సువార్త. ఆయాసపడుతూ బస్సెక్కి వచ్చే ఓపిక ఉన్నన్నాళ్ళూ శనివారాలు వచ్చింది అమ్మ. ఆ పీచు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి ఎప్పుడు చేరిందో, ఎంత చేరిందో ఎవరూ చూడలేదు. దగ్గే కదా అనుకున్నారు. తనూ అనుకుంది. రోజూ పక్కన పడుకుని, రోజూ ఆ దగ్గు వింటూ, వానాకాలం కదా, తగ్గుతుందిలే అనుకుంది.

అమ్మని సమాధి చేసి వచ్చిన సాయంత్రం, అరుగు మీద సాలమోను చిన్నాన్న కూర్చుని, పాస్టరు గారు కూర్చుని, ఇరుగుపొరుగు పెద్దలు కూర్చుని అనుకున్నారు. "ఆడికి చెప్పకండి" అన్నాడు చిన్నాన్న. "పాస్‌పోర్టు కంపెనీవోడి దగ్గరుంది. మిగతా ఒప్పందం పూర్తయితే గాని ఒదలడు. ఆడు రాలేడు, రాలేక అక్కడ ఏమైపోతాడో. మన నూకయ్య కొడుకుని చూడట్లేదా." చూడకేం, రోజూ చూస్తూనే ఉంది. మస్కట్‌లో ఉండగా తండ్రి పోయాడని ఫోన్‌లో విన్నాడు, విన్నవాడు విన్నట్టే ఉండిపోయాడు, తిండి మానేసి మాట మానేసి, చివరికి ఎవరో తోడిచ్చి విమానం ఎక్కించారు. ఇప్పటికీ గన్నవరం బస్టాండులో వచ్చిన ప్రతి బస్సుకీ ఎదురెళ్ళి, దిగేవాళ్ళ మొహాలు చూసి వెనక్కి వస్తాడు. అన్నయ్య అలా అయిపోతే? ఆ మాట వినగానే సువార్త తల ఊపేసింది. ఊపక ఏం చేస్తుంది. "క్రిస్మస్ వెళ్ళిపోయేక వస్తాడు కదమ్మా, అప్పుడు నేనే కూర్చోబెట్టి చెబుతాను. అందాకా నువ్వే కనిపెట్టుకుని ఉండాలి. నువ్వు జాగర్తపరురాలివి" అన్నాడు చిన్నాన్న. జాగర్తపరురాలు. అందుకే ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే అన్నయ్య ఎందుకని అడుగుతాడు. అమ్మని మట్టిలో పెట్టిన మర్నాడు అలాగే అడిగితే, రాజబాబు గారు ఒంటి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుని, సువార్తకి జలుబు అని కొట్టడానికి పావుగంట పట్టిందిట. దానికి అన్నయ్య నవ్వుతున్న బొమ్మ పెట్టాడట. అందుకని ఆ వారంలోనే బస్సెక్కి వచ్చి కూర్చుంది. వీధిలో అమ్మలక్కలు నోళ్ళు నొక్కుకున్నారు, కన్నతల్లి మట్టి ఆరలేదు, అప్పుడే కంప్యూటర్ దగ్గరికి తయారైంది చూడండమ్మా అని. అనుకోనీ. వాళ్ళకి చెప్పి ఏం లాభం.

ఫొటో పడింది తెర మీద. అన్నయ్య కువైట్ వెళ్ళే రోజు బస్సు దగ్గర తీసిన ఫొటో, అమ్మది వేరే మంచి ఫొటో లేదు. అమ్మ చెయ్యి పక్కనున్న అన్నయ్య భుజం మీద ఉంది. కార్డు మీద అమ్మ ఒక్కతే ఉండాలి. అన్నయ్య వైపు కత్తిరించింది. భుజం పోయింది, చెయ్యి సగం పోయింది, అయినా అంచున చారల చొక్కా పీలికంత మిగిలింది. ఇంకా జరిపితే అమ్మ చెంప తెగుతోంది. ఉండనీ. పైన శిలువ, చుట్టూ ద్రాక్షతీగ బోర్డరు, 'ఆదరణ కూడిక' అని పెద్దక్షరాలు. ఎంతమంది ఆదరణ కూడికల కార్డులు కొట్టింది ఈ చేత్తో, ఏనాడూ ఆ మాటకి అర్థం ఆలోచించలేదు. ఆదరించేవాళ్ళు ఆదివారం వస్తారు, పాటలు పాడతారు, పలావు తిని వెళతారు. పాస్టరు గారు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుంది. మా ప్రియ తల్లిగారైన మాణిక్యమ్మగారు. కొట్టింది. ఆ తరవాతి మాట దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. 'ప్రభువునందు నిద్రించిరి.' ఎప్పుడూ కొట్టే మాటే. ప్రతి కార్డులోనూ అదే మాట, కళ్ళు మూసుకుని కొట్టేస్తుంది. కానీ ఈ చేత్తోనే, ఈ కీబోర్డు మీదే, ఇన్నాళ్ళుగా అన్నయ్యకి కొడుతున్నది ఏంటి మరి. అమ్మ ఏం చేస్తోందే అంటాడు. పడుకుంది అంటుంది. శనివారం తీసుకురావే అంటాడు. నిద్దరోతోంది, లేపబుద్ధి కాలేదు అంటుంది. ఎప్పుడు చూసినా నిద్రేంటే, ఒంట్లో బాగాలేదా అంటాడు. లేదన్నయ్యా, వాన కదా, ముసుగుతన్ని పడుకుంటోంది అంటుంది. నిద్ర, నిద్ర, నిద్ర. అబద్ధం ఆడుతున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ. తీరా చూస్తే పాస్టరు గారి కాగితంలో అదే మాట శుభ్రంగా రాసుంది. అంటే తను చెప్పింది నిజమేనన్నమాట, వినేవాడికే తెలియలేదన్నమాట. ఇంతకన్నా దరిద్రం ఇంకోటి ఉంటుందా.

వేరే మాట వేద్దామా. 'పరలోక పిలుపునందుకొని' అని వేస్తారు కొందరు. 'మహిమలో చేర్చబడి' అంటారు. పాస్టరు గారిని అడగాలి, ఎందుకని అడుగుతారు, ఏం చెబుతుంది. నిద్రించిరి అనే కొట్టింది. ని, ద్రి, ఒత్తు సరిగా కూచోలేదు, వెనక్కి వచ్చి మళ్ళీ కొట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చి అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుంది. మళ్ళీ వచ్చాయి. తుడుచుకోవడం మానేసింది. రాజబాబు గారు భోజనానికి వెళ్ళారు, ప్రింటు మిషన్ మీద ఉండే మనిషి బయట ఎవరితోనో కబుర్లాడుతున్నాడు, షాపులో ఎవరూ లేరు. ఇన్నాళ్ళకి ఎవరూ లేరు. ఇంటి దగ్గర ఏడిస్తే చిన్నాన్న ఊరుకోమ్మా అంటాడు, బస్సులో ఏడిస్తే అడుగుతారు, ఇక్కడ ఏడిస్తే కస్టమర్లు. ఆఖరి రోజున అమ్మకి మాట సరిగా రాలేదు. ఊపిరి తీసుకోవడానికే సరిపోతోంది మనిషికి. తల కిందకి చెయ్యి పోనిచ్చి మంచినీళ్ళు తాగిస్తుంటే, కళ్ళతోనే గుమ్మం వైపు చూపించింది. ఏమ్మా అంటే, ఆడొచ్చేడా అంది. సువార్త అప్పుడు మటుకు ఏం చెప్పింది. వస్తున్నాడే, దారిలో ఉన్నాడు అంది. అమ్మకీ అబద్ధమే, అన్నయ్యకీ అబద్ధమే. ఇద్దరి మధ్యా తలుపేసినట్టు తను నిలబడింది. ఆవిడ ఆ రోజే పోతుందని తెలిసుంటే, అన్నయ్యకి చెప్పి ఉంటే, ఫోన్‌లో ఒక్క మాటైనా, ఆ ఊపిరి చప్పుడైనా వినిపించి ఉంటే. ఒక్క నిమిషం. ఆ నిమిషం కూడా ఇవ్వలేదు. జాగర్తపరురాలు కదా. కీబోర్డు మీద నీళ్ళు పడ్డాయి. పమిట కొంగుతో ఒత్తి, కింద తేదీ కొట్టింది, స్థలం కొట్టింది, ఇట్లు అని కొట్టి, కుమారుడు దానం, కుమార్తె సువార్త అని కొట్టింది. కుమారుడి పేరు ముందు రావాలి. ఆ పేరు వేసే కార్డు ఆ కుమారుడు చూడకూడదు.

అన్నీ అయ్యాయి, ఇంకోసారి చదువుకుందామని మౌసు మీదకి చెయ్యి చాపినప్పుడు అలవాటుగా మూలకి చూసింది. బొమ్మ నల్లగా ఉంది.

ఎప్పటినుంచి నల్లగా ఉందో తెలియదు. చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడెలా వచ్చాడు, ఇంకా టీల వేళ కాలేదు, అన్నయ్యకి ఇప్పుడు పని ఉంటుంది, భోజనాలకి వదిలేది ఇంకా... భోజనాలు. రంజాను ఇవాళే మొదలైంది. పొద్దున్న బస్సు దిగుతుంటే ఖర్జూరం బళ్ళు వరసగా పెట్టి ఉండడం కళ్ళారా చూసింది. పోయినేడు ఇదే నెలలో అన్నయ్య చెప్పాడు కూడా, ఉపవాసాలప్పుడు మాకు భోజనాల విరామం ఉండదే, సార్లెవరూ పెందరాళే రారు, ఆఫీసంతా నాదే, పొద్దున్నుంచీ నీ తెర దగ్గరే ఉంటానని. గల్ఫుకి మనిషిని పంపుకున్న ఏ ఇంట్లోనూ ఈ నెల ఎవరూ మర్చిపోరు. తను మర్చిపోయింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి నెలలూ వారాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి తనకి. కార్డు మూసేయాలి. ఒక్క నొక్కు నొక్కితే కిందకి పోతుంది. నొక్కితే దాచిపెడుతున్నట్టు తెలిసిపోతుంది. చూడలేదేమో, ఇప్పుడే వచ్చాడేమో, టీ తెచ్చుకోవడానికి లేచాడేమో, ఉపవాసాల్లో అక్కడ టీ ఎవడిస్తాడు. పక్కవాళ్ళ కార్డని చెబితే? ఫొటో ఉంది. ఆ చారల చొక్కా అన్నయ్యదే. దేవా, కరెంటు పోతే బాగుండును. ఏ రోజూ పోకుండా ఉండని కరెంటు, ఇవాళ ఒక్క నిమిషం పోకూడదా. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తెర మీద బాణం కదలకుండా అలాగే ఉంది.

అప్పుడు కదిలింది. సువార్త చెయ్యి మౌసు మీద లేదు. ఒళ్ళో ఉంది. బాణం మెల్లిగా, ఎప్పుడూ అన్నయ్య కదిపేంత చురుగ్గా కాదు, తడుముకుంటున్నట్టు కిందకి దిగింది. ఫొటో దగ్గర ఆగలేదు. పేరు దగ్గర ఆగలేదు. తేదీ దగ్గర ఆగింది. అమ్మ పోయిన తేదీ. ఇవాళ్టిది కాదు, నిన్నటిది కాదు, పోయిన నెలది. ఆ తేదీ తరవాత వారంలోనే నోట్‌ప్యాడ్‌లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో సువార్తకి గుర్తుంది. పండుగకి అమ్మకి ఏ రంగు చీర కొనమంటావే అని అడిగాడు. ఆకుపచ్చ అంది. పంపిస్తాను, తొందరగా కుట్టించు జాకెట్టు అన్నాడు. సరే అంది. బాణం ఆ తేదీ కింద నిలబడింది. అక్కడే ఉంది. ఆ అవతల మనిషి ఎలా ఉన్నాడో, కూర్చున్నాడో, తల బల్ల మీద పెట్టేశాడో, పక్కన పట్టుకోవడానికి ఒక్కడైనా ఉన్నాడో లేడో ఈ తెర చెప్పదు. ఇద్దరికీ ఒకటే తెర, అయినా తన మొహం అన్నయ్యకి కనిపించదు, అన్నయ్య మొహం తనకి కనిపించదు. సువార్త నోరు తెరిచి అన్నయ్యా అంది, గట్టిగానే అంది. వినపడదని తెలుసు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. ఏం కొట్టాలి. క్షమించు అని కొట్టాలా, చిన్నాన్న వద్దన్నాడని కొట్టాలా. ఏది కొట్టినా కార్డులోనే, అమ్మ తేదీ పక్కనే పడుతుంది. వేళ్ళు తీసేసింది.

బాణం అక్కణ్ణుంచి బయల్దేరింది. పైకి వెళ్ళింది, తెర పైన ఎడమ మూలకి. ఫైల్ అన్న చోట నొక్కింది. కింద జాబితా పడింది. సేవ్ అన్న దాని మీద ఆగింది. సువార్త కార్డు మొత్తం కొట్టి ఇంతసేపూ దాన్ని దాచుకోలేదని అప్పుడు తట్టింది, ఏ క్షణాన కరెంటు పోయినా మొత్తం పోయేది. చిన్న పెట్టె తెరుచుకుని పేరేం పెట్టమంటావని అడిగింది. ఈ షాపులో ఏ కార్డుకైనా ఇంటిపేరే ఫైలు పేరు, అన్నయ్య పెట్టిన పద్ధతే అది, రేపొద్దున వెతుక్కోవడానికి వీలుగా. ఇంటిపేరు పడుతుందని చూసింది సువార్త. ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ఒక ఎ. చాలాసేపటికి ఒక ఎమ్. ఇంకో ఎమ్. ఎ. పెట్టె మూసుకుంది. మూలనున్న బొమ్మ తెల్లబడింది.

గబగబా నోట్‌ప్యాడ్ తెరిచింది. అన్నయ్యా, అని కొట్టింది. ఉన్నావా, అని కొట్టింది. భోంచేశావా, అని కొట్టి, ఏం అడుగుతున్నానో తెలిసి చెరిపేసింది. బొమ్మ తెల్లగానే ఉంది. మౌసు వదిలేసి చూసింది, బాణం తను పెట్టిన చోటే ఉంది. షాపు ఫోన్ వైపు చూసింది. మోగదు. రాజబాబు గారు నోట్లో వక్కపొడి వేసుకుంటూ మెట్లెక్కి వచ్చారు, తడిసిన గొడుగు తలుపు పక్కన ఆనించారు, తెర వైపు చూసి గొంతు తగ్గించారు.

"అయిందా అమ్మా?"

"ఆయ్, అయిందండీ."

"మరి ప్రింటు తీసేద్దాం, దానం వచ్చే వేళవుతోంది. ఫైలు ఏ పేరు మీదుంది?"

సువార్త మొహం తుడుచుకోలేదు.

"అమ్మ అని ఉందండీ," అంది. "అన్నయ్యే పెట్టేడండీ."